‘తెలియదు’ అంటే ‘కాదు’ అని కాదు

గణిత సాఫ్ట్‌వేర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో ప్రతీకాత్మక గణిత సాఫ్ట్‌వేర్ గురించి కొంత రాశాను. మామూలు క్యాలిక్యులేటర్ √2ను 1.414 చేసేస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ √2ను √2గానే ఉంచుతుంది. మూడింట ఒక వంతును 0.333 అనదు, మూడింట ఒక వంతు అనే అంటుంది. అక్షరాలను అక్షరాలుగానే ఉంచి సమీకరణాలు సాధిస్తుంది, అవకలనం, సమాకలనం చేసిపెడుతుంది. వీటిలో సింపై, మాక్సిమా, సేజ్, ఫ్రైక్యాస్ వంటివి ఓపెన్ సోర్స్. లోపలి కోడ్ అంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. అలాంటి ఒక లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ సముదాయంలో) మాత్రికల విభాగాన్ని పన్నెండేళ్లుగా చూసుకుంటున్నానని వ్యాసం చివర ఒక్క వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యం గురించే. అందుకే ఈ నెల శీర్షిక అంతా బగ్‌ల దిద్దుబాటుకే.

*

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం గణిత విద్యార్థిని. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాయడం కొద్దిగా వచ్చు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దిద్దాలని ఉంది కానీ లక్షల వరుసల కోడ్ చూస్తే భయం వేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కోడ్ దగ్గర మొదలుపెట్టకండి. ఫిర్యాదుల దగ్గర మొదలుపెట్టండి.

ప్రతి ప్రాజెక్టుకూ ఫిర్యాదుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో చాలా ఉత్తరాలు ఇలా ఉంటాయి: అరవై వరుసల ప్రోగ్రాము, కింద "జవాబు తప్పు వస్తోంది" అన్న ఒక్క ముక్క. మీరు ఆ ప్రోగ్రామును మీ కంప్యూటర్‌లో, ఈనాటి కోడ్‌తో నడిపి చూడండి. తప్పు ఇంకా ఉంటే ఒక వరుస తీసేసి మళ్లీ నడపండి. ఇంకా తప్పే వస్తే మరో వరుస తీయండి. ఏది తీస్తే తప్పు మాయమవుతుందో దాన్ని తిరిగి పెట్టేయండి. ఇలా చేస్తూ పోతే అరవై వరుసలు మూడవుతాయి. ఆ మూడు వరుసలూ అక్కడ రాసి, "వస్తున్న జవాబు ఇది, రావలసిన జవాబు ఇది, ఎందుకంటే..." అని చేర్చండి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే దిద్దుబాటులో సగం పని చేసినవారవుతారు.

ఆ ‘ఎందుకంటే’ దగ్గరే మీ గణితం అక్కరకొస్తుంది. √ఎక్స్ = ఎక్స్ − 2 అనే సమీకరణానికి 1, 4 అని రెండు మూలాలు వచ్చాయనుకుందాం. రెండు వైపులా వర్గం చేస్తే రెండూ నిజంగానే వస్తాయి. కానీ 1ని అసలు సమీకరణంలో పెడితే ఎడమ వైపు 1, కుడి వైపు −1. అది వర్గం చేయడం వల్ల చొరబడిన మూలం. ఇది కనిపెట్టడానికి కోడ్ రావలసిన పని లేదు. ప్రతిక్షేపించి చూసే అలవాటు ఉంటే చాలు, అది మీకు ఉండే ఉంటుంది.

ఫిర్యాదుల్లో ఏవి ముందు పట్టుకోవాలి అంటే నా లెక్క ఇది. ప్రోగ్రాము ఆగిపోతే వాడేవారికి తెలుస్తుంది. ఆలస్యమైతే తెలుస్తుంది. తప్పు జవాబును సరైన జవాబు లాగా చూపిస్తే మాత్రం తెలియదు. ఆ జవాబు మీద ఎవరో వంతెన కట్టవచ్చు, ఎవరో సిద్ధాంత గ్రంథం రాయవచ్చు. అందుకే తప్పు జవాబు ముందు, మిగతావన్నీ తర్వాత.

*

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా దగ్గర బగ్ అంటే బటన్ పని చేయకపోవడం, పేజీ తెరుచుకోకపోవడం. గణిత సాఫ్ట్‌వేర్‌లో బగ్ దిద్దడం ఎలా ఉంటుందో మీ అనుభవంలోంచి ఒక్కదాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పగలరా?

జవాబు: చెబుతాను. ఇది నాకు మాత్రికల గురించి అన్నిటికంటే ఎక్కువ నేర్పిన బగ్.

ఒకరు ఫిర్యాదు పంపారు: "ఈ సమీకరణాలకు సాధన లేదు. మీ ప్రోగ్రాము సాధన ఇస్తోంది." వారు పంపినవి ఆరు చలరాశులున్న పొడవాటి సమీకరణాలు. రెండు సాయంత్రాలు కూర్చుని తగ్గిస్తూ వస్తే ఇంత మిగిలింది:

ఎక్స్ + వై = 3
ఎక్స్ + (1 + క) వై = 5

ఇందులో క అంటే √(5 + 2√6) − √2 − √3.

ఈ ‘క’ను కాస్త పరిశీలనగా చూడండి. √2 + √3ను వర్గం చేస్తే 2 + 3 + 2√6, అంటే 5 + 2√6. కనుక √(5 + 2√6) అన్నది √2 + √3యే. క విలువ సున్నా. సున్నాకు దగ్గరగా ఉన్న ఏదో చిన్న సంఖ్య అనుకోకండి, అచ్చమైన సున్నా. అప్పుడు రెండు సమీకరణాల ఎడమ వైపూ ఒకటే, కుడి వైపు ఒకచోట 3, మరోచోట 5. సాధన ఉండే అవకాశమే లేదు. మా ప్రోగ్రాము మాత్రం వై = 2/క అని ఇచ్చింది. సున్నాతో భాగించి, ఆ సున్నాను వర్గమూలాల చాటున దాచిపెట్టి అప్పగించింది. చూసేవారికి అది చక్కని సూత్రంలా కనిపిస్తుంది.

తీగ లాగుతూ పోతే పివట్ ఎంచుకునే చోట డొంక కదిలింది. గాస్ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ప్రతి నిలువు వరుసలో సున్నా కాని మూలకాన్ని ఒకదాన్ని పివట్‌గా తీసుకుని, దాని సాయంతో కింది వరుసలను తగ్గిస్తూ రావాలి. అందుకని ప్రోగ్రాము ప్రతి మూలకాన్నీ "నువ్వు సున్నావా?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు మా లైబ్రరీలో జవాబులు మూడు: ట్రూ, ఫాల్స్, నన్. ట్రూ అంటే అవును, ఫాల్స్ అంటే కాదు, నన్ అంటే తెలియదు. మన ‘క’ను అడిగితే వచ్చిన జవాబు నన్. అది నిజాయితీ గల జవాబు. అలా చూడగానే అది సున్నా అని ఎవరు మాత్రం చెప్పగలరు?

తప్పు ఆ తర్వాతి వరుసలో జరిగింది. అక్కడ ‘ఇఫ్ నాట్’ అని రాసి ఉంది, సున్నా కాకపోతే పివట్‌గా తీసుకో అన్న ఉద్దేశంతో. పైథాన్‌లో నన్ ముందు ‘నాట్’ పెడితే ట్రూ వస్తుంది. అంటే "సున్నా అవునో కాదో తెలియదు" అన్న మాట ఆ ఒక్క ‘నాట్’ దాటేసరికి "సున్నా కాదు" అయి కూర్చుంది. ఆ వరుస రాసినవారు అజాగ్రత్తగా రాశారని నేననను. మనిషి మాటల్లో "సున్నా అని చెప్పలేను" అన్నదానికీ "సున్నా కాదు" అన్నదానికీ మధ్య గీత అంత పలచన.

మార్చవలసింది ఒక్క ముక్క: జవాబు కచ్చితంగా ఫాల్స్ అయితేనే పివట్‌గా తీసుకో. మార్చాను. టెస్టు అంటే ప్రోగ్రాము సరైన జవాబిస్తోందో లేదో చూసే చిన్న కోడ్. ముందే రాసిపెట్టుకున్న కొత్త టెస్టు దాటింది. పాత టెస్టులు పదకొండు పడిపోయాయి.

అసలు పాఠం ఇక్కడే మొదలైంది. పడిపోయినవాటిలో చాలా టెస్టుల్లో మాత్రిక మూలకాలు ఉత్త అక్షరాలు: ఎ, బి, సి, డి. ‘ఎ’ సున్నాయా అంటే సరైన జవాబు ‘తెలియదు’. కానీ ఆ అక్షరాలు సాధారణ విలువలు అనుకుని, సున్నా కాదన్నట్టుగానే ముందుకు సాగడం బీజగణితంలో ఆనవాయితీ. నా దిద్దుబాటు ఆ ఆనవాయితీని కూడా తుడిచిపెట్టింది. అంటే ‘తెలియదు’లో రెండు రకాలు ఉన్నాయన్నమాట. అక్షరం ఉన్నందువల్ల తెలియకపోవడం ఒకటి. అక్షరాలేవీ లేని స్థిరసంఖ్యే అయినా విలువ తేల్చుకోలేక తెలియకపోవడం మరొకటి. రెండోదాన్ని వదిలేసి ముందుకు పోకూడదు, తేల్చాలి.

తేల్చడానికి నేను మొదట పెద్ద సూక్ష్మీకరణ ప్రక్రియను పిలిచాను. జవాబులు సరిగ్గా వచ్చాయి కానీ అంతకుముందు క్షణంలో తేలిన పది బై పది మాత్రిక గంట గడిచినా తేలలేదు. రివ్యూ చేసినవారు, అంటే నా మార్పును చేర్చేముందు పరిశీలించినవారు, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని అడిగి, ఒక దారి చూపించారు. ముందు ఆ సంఖ్యను పదిహేను అంకెల దాకా లెక్కకట్టమన్నారు. విలువ 0.27 అని వచ్చి, లెక్కలో దోషం అంతకంటే ఎంతో చిన్నదని హామీ ఉంటే, అది సున్నా కాదని అక్కడే రుజువైపోయింది. మాత్రికల్లో ఎదురయ్యే స్థిరసంఖ్యల్లో చాలా భాగం ఈ మొదటి మెట్టు మీదే తేలిపోతాయి.

విలువ సున్నాలా కనిపిస్తేనే చిక్కు. యాభై అంకెలు చూసినా, నూరు అంకెలు చూసినా అన్నీ సున్నాలే వచ్చాయనుకోండి, అది సున్నా అని రుజువు కాదు. అంకెల లెక్క ‘సున్నా కాదు’ అని నిరూపించగలదు గానీ ‘సున్నా’ అని నిరూపించలేదు. అలా మిగిలిన కొద్దివాటికే బీజగణితం వాడాలి. వర్గమూలాలతో, ఘనమూలాలతో కట్టిన సంఖ్య అయితే దాని కనిష్ఠ బహుపదిని, అంటే ఆ సంఖ్య మూలంగా ఉండే అతి తక్కువ ఘాతపు బహుపదిని, కనుక్కోవచ్చు. ఆ బహుపది ఉత్త ‘ఎక్స్’ అని వస్తే సంఖ్య సున్నా అని తేలిపోయినట్టే. మన ‘క’ విషయంలో అదే వచ్చింది. ఆ అర్ధరాత్రి తెర మీద ఆ ఒక్క అక్షరం చూసినప్పటి సంతోషం ఇప్పటికీ తాజాగా ఉంది.

అన్ని రకాల సమాసాలకూ ఇలాంటి దారి ఉండదు. సైన్, ఘాతాంక ప్రమేయం, పరమ మూల్యం వంటివి కలగలిసిన సమాసం ఎల్లప్పుడూ సున్నాయేనా అన్నది ప్రతిసారీ తేల్చిచెప్పే పద్ధతి ఉండటానికే వీలు లేదని డేనియల్ రిచర్డ్‌సన్ 1968లో నిరూపించారు. ఎంత వేగం గల యంత్రం వచ్చినా ఈ మాట మారదు. కనుక ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో నన్ అనే జవాబు ఎప్పటికీ ఉండవలసిందే. దాని మాట దానిగా వినే కోడ్ రాయడమే మనం చేయగలిగింది.

పడిపోయిన పదకొండు టెస్టుల్లో రెండు మరో రకం. అవి ఆశించిన జవాబులే తప్పు. ఎవరో ఎప్పుడో ప్రోగ్రాము ఇచ్చిన ఫలితాన్ని అలాగే నకలు చేసి, ఇదే సరైనదని టెస్టులో రాసిపెట్టారు. ఏళ్ల తరబడి ఆ టెస్టులు తప్పుకు కాపలా కాశాయి. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. టెస్టులో రాసే జవాబును కాగితం మీద చేసి రాయాలి, లేదా వేరే దారిలో లెక్కకట్టి రాయాలి. పరీక్షించవలసిన ప్రోగ్రామునే అడిగి రాయకూడదు.

మొత్తం మీద పది వారాలు పట్టింది. మారిన కోడ్ నలభై వరుసలు.

*

ప్రశ్న: కళాశాలలో గణితం బోధిస్తాను. 1/(2 + కాస్ ఎక్స్) ప్రమేయాన్ని సున్నా నుంచి 2పై (2π) వరకు సమాకలనం చేయడానికి ముందుగా సాఫ్ట్‌వేర్‌తో అనిశ్చిత సమాకలని తీసుకుని, అందులో రెండు హద్దులూ నేనే ప్రతిక్షేపించాను. జవాబు సున్నా వచ్చింది. సూత్రాన్ని అవకలనం చేస్తే అసలు ప్రమేయమే వస్తోంది. మరి తప్పు ఎక్కడ ఉంది?

జవాబు: మీ అనుమానం సరైనదే. కాస్ ఎక్స్ విలువ −1కీ 1కీ మధ్య ఉంటుంది కాబట్టి మీ ప్రమేయం ఎప్పుడూ మూడింట ఒక వంతుకూ 1కీ మధ్యే ఉంటుంది. అంటే సమాకలని 2.09కి తక్కువ, 6.28కి ఎక్కువ కావడానికి వీల్లేదు. నిజమైన విలువ 2పైని √3తో భాగిస్తే వచ్చేది, సుమారు 3.6276. జవాబు ఏ హద్దుల మధ్య ఉండాలో ముందే ఇలా అంచనా కట్టుకోవడం బగ్‌లు పట్టేవారికి కళ్లజోడు లాంటిది.

మీకు వచ్చిన సూత్రం దాదాపు ఇలా ఉండి ఉంటుంది: టాన్(ఎక్స్/2)ను √3తో భాగించి, దానికి విలోమ టాన్ తీసి, 2/√3తో గుణించినది. టాన్ ఎక్స్/2ను ‘టి’ అనుకుని చేసే పాత పద్ధతిలో అదే వస్తుంది. మీరన్నట్టు దాని అవకలజం కూడా సరైనదే. ఒక్క బిందువు దగ్గర తప్ప. ఎక్స్ విలువ పైని చేరుకునేటప్పుడు టాన్ అనంతానికి ఎగిసి, దాటగానే రుణ అనంతం నుంచి మొదలవుతుంది. దాంతో మీ సూత్రం పై/√3 నుంచి −పై/√3కి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పతనం ఎంతో లెక్కకట్టండి: సరిగ్గా 2పై/√3. మీ జవాబులో కనిపించకుండా పోయిన మొత్తం కూడా అదే.

కలన గణితపు మూల సిద్ధాంతానికి అవిచ్ఛిన్నమైన ప్రతి అవకలజం కావాలి. విచ్ఛిన్నమైనదాన్ని ఇస్తే అది పని చేయదు. ఇది ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కో పరిమితమైన లోపం కాదు, ఈ పద్ధతితోనే పుట్టిన చిక్కు. దిద్దడానికి మంచి మార్గం ఉంది. మెట్ల మాదిరిగా పెరిగే గరిష్ఠ పూర్ణాంక ప్రమేయాన్ని సూత్రానికి చేర్చి, పడిపోయిన ప్రతిచోటా అంతే ఎత్తు తిరిగి లేపుతారు. సింపై ఇప్పుడు ఈ సమాకలనికి అలాంటి పదం చేర్చే జవాబిస్తుంది. మొదటిసారి చూసినవారికి అది అనవసరమైన తోకలా అనిపిస్తుంది. దయచేసి తీసేయకండి, జవాబు నిలబడింది దాని మీదే.

మీ విద్యార్థులకు ఈ సూత్రపు రేఖాచిత్రం గీసి చూపించండి. పై దగ్గర తెగిన గీతను చూస్తే ఇక మరిచిపోరు.

*

ప్రశ్న: ఎక్స్ నుంచి ఎక్స్ తీసేస్తే సున్నా రావడం లేదు. "ఎక్స్ − ఎక్స్" అనే తెర మీద కనిపిస్తోంది. ఇది బగ్ కాక మరేమిటి?

జవాబు: మీ ప్రోగ్రాములో ఒకచోట ఎక్స్‌ను ఉత్తగా ప్రకటించి, మరోచోట ‘ధనాత్మకం’ అన్న షరతుతో ప్రకటించి ఉంటారు. సింపై వంటి లైబ్రరీలకు అవి రెండు వేర్వేరు చలరాశులు. ముద్రించినప్పుడు పేరు ఒకేలా కనిపిస్తుంది, అంతే. పైన ఒకేచోట ప్రకటించి, ప్రోగ్రాము అంతా దాన్నే వాడండి.

*

ప్రశ్న: ఎంతో శ్రమపడి రెండు తప్పులు కనిపెట్టి పంపాను. √(ఎక్స్²)ను ఎక్స్ అని సూక్ష్మీకరించడం లేదన్నది ఒకటి. 1/ఎక్స్ సమాకలని ‘లాగ్ ఎక్స్’ అని వస్తోంది, లోపల పరమ మూల్యం లేదన్నది రెండోది. రెండూ బగ్‌లు కావని మూసేశారు. మనసు కష్టపడింది. మళ్లీ పంపాలనిపించడం లేదు.

జవాబు: మీ బాధ అర్థమైంది. ఒక్క వాక్యంలో కారణం చెప్పి మూసి ఉంటే ఈ ఉత్తరం రాసే పని మీకు ఉండేది కాదు. ఆ కారణం ఇక్కడ చెబుతాను.

ఎక్స్ −3 అయితే √(ఎక్స్²) విలువ 3. కనుక దాన్ని ఎక్స్ అనడం తప్పు. ఎక్స్ వాస్తవ సంఖ్య అని చెబితే సింపై పరమ మూల్యం ఇస్తుంది, ధనాత్మకం అని చెబితే ఎక్స్ ఇస్తుంది. ఏమీ చెప్పకపోతే ఎక్స్ సంకీర్ణ సంఖ్య కావచ్చు కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుతుంది. రెండో ఫిర్యాదుకు మూలం కూడా అదే. సంకీర్ణ సంఖ్యల లోకంలో లాగ్ ఎక్స్ అవకలజం 1/ఎక్సే. రుణ సంఖ్యల దగ్గర తేడా ఒక స్థిరాంకం మాత్రమే, అది సమాకలన స్థిరాంకంలో కలిసిపోతుంది. పాఠ్యపుస్తకం వాస్తవ సంఖ్యల దగ్గర నిలబడి మాట్లాడుతుంది, సాఫ్ట్‌వేర్ మరోచోట నిలబడి మాట్లాడుతుంది.

వింతగా కనిపించే జవాబు సరైనది కావడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగించి, సున్నా నుంచి అనంతం వరకు సమాకలనం చేస్తే పైలో సగం వస్తుంది. ఎక్స్ బదులు ఎక్స్/3 పెట్టిన అలాంటి ప్రమేయంతో దాన్ని గుణించి చేసినా పైలో సగమే. ఎక్స్/5 చేర్చండి, ఎక్స్/7 చేర్చండి, ఎక్స్/13 వరకు చేరుస్తూ వెళ్లండి, ప్రతిసారీ పైలో సగమే. ఎక్స్/15 చేర్చగానే మారిపోతుంది. పైలో సగం కంటే కొంచెం తక్కువ, తేడా దశాంశ బిందువు తర్వాత పదకొండో స్థానంలో. చూసిన ఎవరికైనా సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు అనే అనిపిస్తుంది. కానీ అదే నిజం. 1/3, 1/5 నుంచి 1/13 దాకా కూడితే 1 కంటే తక్కువ. 1/15 కలిపితే 1 దాటుతుంది. ఆ దాటడంతోనే క్రమం తప్పుతుంది. తండ్రీకొడుకులు డేవిడ్ బోర్‌వైన్, జొనాథన్ బోర్‌వైన్ 2001లో ఈ సమాకలనుల మీద వ్యాసం ప్రచురించారు.

మళ్లీ పంపండి. పంపేటప్పుడు "ఎక్స్ ఈ విలువ తీసుకుంటే జవాబు ఇంత రావాలి, ఇంత వస్తోంది" అని ఒక సంఖ్య పెట్టండి. అలాంటి ఫిర్యాదును ఎవరూ తేలిగ్గా మూయలేరు. ఆ సంఖ్య కోసం వెతికేటప్పుడే అది బగ్ అవునో కాదో చాలాసార్లు మీకే తేలిపోతుంది కూడా.

*

ప్రశ్న: నాకు దొరికిన బగ్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. అదే కోడ్, అదే కంప్యూటర్. దిద్దడం మాట దేవుడెరుగు, చూపించడమే కుదరడం లేదు.

జవాబు: రెండు అనుమానాలు. పైథాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ పేర్లకు కట్టే హ్యాష్ విలువలు (పేరు నుంచి లెక్కకట్టే సంఖ్యలు) మారుతుంటాయి. దానివల్ల ‘సెట్’లో, అంటే క్రమం లేని సమూహంలో, పెట్టిన చలరాశులు ఏ వరుసలో బయటికి వస్తాయో చెప్పలేం. మీ కోడ్ దారిలో ఎక్కడో సెట్‌లోంచి ‘మొదటిది’ తీసుకునే వరుస ఉండి ఉంటుంది. ఒకనాడు ఎక్స్ ముందు వస్తుంది, మరొకనాడు వై. సింపై టెస్టులు నడిపితే ఆ పూట వాడిన హ్యాష్ విత్తనం సంఖ్యను పైనే ముద్రిస్తుంది. తప్పు వచ్చిన రోజు ఆ సంఖ్య రాసిపెట్టుకోండి. అదే సంఖ్య ఇచ్చి నడిపితే అదే తప్పు మళ్లీ వస్తుంది. దిద్దుబాటు చాలా వరకు సులువు: సెట్‌ను ఒక నియత క్రమంలో పేర్చి, ఆ తర్వాతే వాడాలి.

అది కాకపోతే క్యాష్. ముందు చేసిన లెక్కల జవాబులు గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. క్యాష్ ఆపి నడిపి చూడండి. తప్పు మాయమైతే ఎక్కడ వెతకాలో తెలిసినట్టే.

*

ప్రశ్న: కృత్రిమ మేధతో రాయించిన దిద్దుబాటును పంపవచ్చా?

జవాబు: ముందు ఆ ప్రాజెక్టు నియమాలు చదవండి. నా వరకు ఒక్కటే అడుగుతాను: ప్రతి వరుసా ఎందుకు ఉందో మీరు చెప్పగలగాలి. రివ్యూ చేసేవారు ప్రశ్న అడిగేది మిమ్మల్ని. టెస్టు దాటించడానికి ఆ ఒక్క సందర్భాన్నే ప్రత్యేకంగా పట్టుకుని జవాబు రాసిపెట్టిన దిద్దుబాట్లు ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. అవి లోపాన్ని అలాగే ఉంచి పైన గుడ్డ కప్పుతాయి. తర్వాత వెతికేవారికి మరింత కష్టం.

*

ప్రశ్న: డబ్బు పెట్టి కొనుక్కునే మంచి గణిత సాఫ్ట్‌వేర్ ఉండగా జీతం లేకుండా ఇంత కష్టం ఎందుకు? నిజంగానే అడుగుతున్నాను.

జవాబు: నేనూ అంతే నిజంగా జవాబిస్తాను. మాక్సిమా కథ చెబితే చాలు.

దాని మూలం 1968లో ఎంఐటీలో మొదలైన మ్యాక్‌సైమా (Macsyma) అనే ప్రోగ్రాము. అందులో ఒక ప్రతి అమెరికా ఇంధన శాఖకు చేరింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే విలియం షెల్టర్ 1982 నుంచి ఆ ప్రతిని కాపాడుతూ, దిద్దుతూ వచ్చారు. 1998లో ఇంధన శాఖ అనుమతి సంపాదించి, ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవడానికి వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశారు. 2001లో ఆయన మరణించారు. కోడ్ తెరిచి ఉండబట్టి ఆయనతో పాటు ఆగిపోలేదు. వాడుకునేవారే ఒక జట్టుగా ఏర్పడి అందుకున్నారు, నేటికీ దిద్దుతున్నారు. అరవైల చివర్లో రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రాము వారసత్వాన్ని ఈ రోజు ఒక విద్యార్థి తెరిచి చదువుకోవచ్చు.

నాకు ముఖ్యమైనది ఆ చదువుకోవడమే. రుజువులో ప్రతి మెట్టూ చూపించమని విద్యార్థులను అడుగుతాం. జవాబిచ్చే యంత్రాన్ని ఆ మాట ఎందుకు అడగకూడదు? కొన్న సాఫ్ట్‌వేర్‌లో 2/క వచ్చి ఉంటే, పివట్ దగ్గరి ఆ ‘నాట్’ నాకు ఎప్పటికీ కనిపించేది కాదు.

*

ప్రశ్న: ఒక అవధి లెక్కలో తప్పు పట్టుకున్నాను. ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నా దిద్దలేకపోయాను. ఇక వదిలేయాలనుకుంటున్నాను. ఇన్నాళ్ల శ్రమ వృథా అయినట్టేనా?

జవాబు: వదిలేయండి, కానీ ఊరికే వదలకండి. రెండు పనులు చేసి వెళ్లండి. ఏయే దారులు ప్రయత్నించారో, ప్రతి దారీ ఎక్కడ మూసుకుపోయిందో ఆ ఫిర్యాదు కిందే రాయండి. తర్వాత వచ్చేవారికి ఆ ఆరు నెలలూ మిగులుతాయి. రెండోది, సరైన జవాబుతో ఒక టెస్టు రాసి, దానికి ‘ఎక్స్‌ఫెయిల్’ అన్న గుర్తు పెట్టండి. ఇది ప్రస్తుతానికి తప్పుతుందని మాకు తెలుసు అని దాని అర్థం. టెస్టులు నడిపిన ప్రతిసారీ అది నడుస్తుంది, తప్పుతుంది, ఎవరి పనికీ అడ్డు రాదు.

చాలా ఏళ్ల కిందట నేను అలా ఒక టెస్టు వదిలిపెట్టాను. ఒక నిర్ధారకం విలువ సున్నా రావలసిన చోట పొడవాటి సమాసం వచ్చేది. నా వల్ల కాలేదు. కిందటి సంవత్సరం ఎవరో బహుపదుల విభాగంలో, మాత్రికలతో ఏ సంబంధమూ లేదనిపించే చోట, కారణాంక విభజనలో ఒక లోపం దిద్దారు. మర్నాడు నేను టెస్టులు నడిపితే చివర్లో ‘ఎక్స్‌పాస్’ అని ఒక వరుస వచ్చింది. తప్పుతుందనుకున్నది దాటింది అని. పక్కన ఉన్న పేరు నా పాత టెస్టుది. తెరిచి చూస్తే తేదీ, నా పొట్టి వ్యాఖ్య, కింద కాగితం మీద చేసి రాసిన జవాబు: సున్నా. గుర్తు చెరిపేసి, ఆ దిద్దినవారికి ఉత్తరం రాశాను. తాము ఏం దిద్దారో వారికి అప్పటిదాకా తెలియదు.